నీళ్లలో తిరిగిన చెయ్యి: చిత్రకారుడు ఆండర్స్ జోర్న్

అందరికీ నమస్కారం.

ఆండర్స్ జోర్న్ అనగానే బొమ్మలు వేసేవాళ్లకు ముందు గుర్తొచ్చేది నాలుగు రంగుల పాలెట్, అంటే రంగులు కలుపుకునే పలక. తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఇంగిలీకపు ఎరుపు (వెర్మిలియన్), నలుపు. ఆ నాలుగూ కొనుక్కుని, నెల తిరిగేసరికి బొమ్మ బురదలా తయారైందని వదిలేసినవాళ్లు కోకొల్లలు. జోర్న్ ఆయిల్ రంగులు గట్టిగా పట్టింది 27 ఏళ్ల వయసులో. అప్పటికే ఆయన నీటిరంగుల్లో ఆరితేరి, వాటి మీదే బతికి, వాటితోనే పేరు తెచ్చుకున్నాడు. ఆ నాలుగు రంగుల గుట్టు నీళ్లలో ఉంది. ఇవాళ చెప్పదలుచుకున్నది అదే.

ఆయన పుట్టింది 1860 ఫిబ్రవరి 18న, స్వీడన్ నడిబొడ్డున దలార్నా ప్రాంతంలోని మోరాలో. తండ్రి లియోన్‌హార్డ్ జోర్న్ జర్మనీ నుంచి వచ్చిన బీరు తయారీదారు. తల్లి గ్రుద్ అన్నా బీరు కర్మాగారంలో పనిచేసిన పల్లెటూరి అమ్మాయి. వాళ్లకు పెళ్లి కాలేదు. కొడుకు తండ్రి మొహం ఎన్నడూ చూడలేదు. అయితే తండ్రి ఇంటిపేరు దక్కింది, ఆయన పోయాక చదువుకు సరిపడా కొంత డబ్బూ వచ్చింది. పెంచింది అమ్మమ్మ, తాతయ్య. పశువులు కాస్తూ కర్రముక్కల మీద బొమ్మలు చెక్కిన పిల్లవాడు శిల్పి కావాలనే 15 ఏళ్లకు, 1875లో, స్టాక్‌హోంలోని రాయల్ అకాడమీలో చేరాడు. (స్వీడన్ వాళ్లు ఆ పేరును ‘సోర్న్’ అని పలుకుతారు. మనకు అలవాటైన ‘జోర్న్’నే వాడతాను.)

శిల్పం పక్కకు పోయింది నీటిరంగుల వల్ల. 1880లో అకాడమీ విద్యార్థుల ప్రదర్శనలో ‘దుఃఖంలో’ అనే చిన్న నీటిరంగుల చిత్రం పెట్టాడు. నల్లటి మేలిముసుగు వెనక ఒక యువతి ముఖం. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు. ఆ ఒక్క బొమ్మతో పోర్ట్రెయిట్లు వేయించుకునేవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

ఆ మేలిముసుగు దగ్గర కాసేపు ఆగుదాం. నీటిరంగుల్లో పల్చటి ముసుగు వెయ్యడం ఎందుకు కష్టం? ముందు ముఖం పూర్తి కావాలి, పూర్తిగా ఆరాలి. పైన పల్చటి నలుపు వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన రంగు పొర, ఒక్కసారే పోవాలి. కుంచె అదే చోట రెండోసారి తిరిగిందా, కింద ఆరిన చర్మం రంగు కరిగి పైకొస్తుంది, నలుపులో కలుస్తుంది, ముసుగు కాస్తా మురికవుతుంది. అంటే నలుపు ఎంత చిక్కగా ఉండాలో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కుంచె ముంచకముందే తేలిపోవాలి. ఆయిల్‌లో అయితే గీకేసి మళ్లీ వేసుకోవచ్చు. నీటిరంగుల్లో ఆ వెసులుబాటు లేదు. చెయ్యి కదిలే ముందే నిర్ణయం అయిపోవడం అనే అలవాటు ఆయనకు ఇక్కడ పట్టుబడింది. తర్వాతి నలభై ఏళ్లూ దాని మీదే నడిచింది.

1881లో ఆయన జీవితంలో రెండు మార్పులు వచ్చాయి. అకాడమీ పెద్దలతో పొసగక చదువు వదిలేశాడు. ఎమ్మా లామ్ పరిచయమైంది. ఆమెది స్టాక్‌హోంలో బాగా కలిగిన యూదు వర్తక కుటుంబం, ఈయన చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇద్దరూ గుట్టుగా మాట ఇచ్చుకున్నారు. సంపాదించి చూపించడానికి ఆయన లండన్ వెళ్లాడు, అక్కడ నీటిరంగుల పోర్ట్రెయిట్లు వేశాడు. 1885 అక్టోబరులో పెళ్లయింది. కొత్త దంపతులు తూర్పు ఐరోపా మీదుగా కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) వెళ్లారు. అక్కడ ఆయనకు టైఫాయిడ్ వచ్చింది.

కోలుకుని స్వీడన్ చేరాక 1886 వేసవి నుంచి స్టాక్‌హోం దగ్గరి దలారో ద్వీపతీరంలో నీళ్లను చదవడం మొదలుపెట్టాడు. ‘సోమర్‌నోయె’, అంటే వేసవి విహారం, ఆ ఏడాదిదే. చెక్క రేవు మీద తెల్ల దుస్తుల్లో ఎమ్మా నిలబడి ఉంటుంది, పడవలో ఒక స్నేహితుడు. ఈ నీటిరంగుల చిత్రం 2010లో స్టాక్‌హోం వేలంలో 2 కోట్ల 60 లక్షల స్వీడన్ క్రోనర్లకు పోయింది. మరుసటేడు వేసిన ‘వోగ్‌స్క్వాల్ప్’, అంటే అలల గలగల, కూడా దలారోదే. ధర సంగతి అలా ఉంచండి. ఆ బూడిదరంగు నీళ్లు చూడండి.

అలను గీతగా చూస్తే నీళ్లు రావు. అల ఒక ఒంపు తిరిగిన పలక. ఆ పలకలో కొంత భాగం ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది, అది లేత. మనవైపు ఒరిగిన భాగంలోంచి చూపు నీటి లోపలికి దిగుతుంది, అది ముదురు. పడవో, రేవో, తెల్ల చీరో దగ్గర్లో ఉంటే దాని ప్రతిబింబం ఈ పలకల మీద ముక్కలుముక్కలుగా పడుతుంది. ఈ మూడే. ఎంత గజిబిజి నీళ్లయినా ఈ మూడింటి కూర్పు.

వేసి చూడాలనుకునేవాళ్లకు పద్ధతి చెబుతాను. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం తడిపి, చెక్కపలకకు నలువైపులా టేపుతో బిగించండి. ఆ చెక్కను 10, 15 డిగ్రీలు వాల్చండి. అన్నిటికన్నా మెరిసే చోట్లు కాగితం తెలుపుగానే వదిలి, మిగతా అంతా లేత బూడిద వాష్ పై నుంచి కిందికి దించండి. పూర్తిగా ఆరనివ్వండి. చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నమాట. రెండో పొర మధ్యస్థపు టోన్: దగ్గరి అలలు వెడల్పుగా, వంపుగా, దూరం పోయేకొద్దీ సన్నగా, అడ్డంగా, ఒకదాని మీదొకటి ఇరుక్కున్నట్టు. మళ్లీ ఆరనివ్వండి. మూడోది చిక్కటి ముదురు, అది దగ్గరి అలల పొట్టల్లో మాత్రమే, పది పదిహేను విసుర్లకు మించకుండా.

చెడేది ఎక్కడంటే, అలలన్నీ ఒకే కొలతలో పడితే చేప పొలుసులైపోతాయి. మొదటి పొర తడిగా ఉండగానే రెండోది వేస్తే కాలీఫ్లవర్ లాంటి మరకలు వస్తాయి. తుడిచి సరిచేద్దామని రుద్దితే కాగితం నూగు లేస్తుంది, ఆ చోట ఇక ఏ వాషూ సమంగా నిలవదు. మన ఎండాకాలం సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద వాష్ సగం దిగేలోపే పై అంచు ఆరి గీత పడుతుంది. ఫ్యాన్ ఆపండి, పెద్ద కుంచె తీసుకోండి, కాగితం వెనకవైపు కూడా తడపండి, పొద్దున్నే వేసుకోండి. వానాకాలంలో దీనికి తలకిందులు, పొర ఆరడానికి గంట పట్టినా ఓపిక పట్టాలి.

ఇప్పుడు ఆయిల్‌కి వద్దాం. 1887లో జోర్న్ దంపతులు ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్న సెయింట్ ఐవ్స్ అనే జాలరి ఊరికి వెళ్లారు. ఆయిల్ గట్టిగా మొదలైంది అక్కడే. ‘సెయింట్ ఐవ్స్ జాలరి’ 1888లో పారిస్ సలోన్ అనే పెద్ద కళాప్రదర్శనకు వెళ్లింది, ఫ్రెంచి ప్రభుత్వం కొనేసింది. కొత్త మాధ్యమంలో తొలి అడుగుకే ఇంత ఆదరణ ఎలా వచ్చిందంటే, ఆయిల్ కొత్తే గాని వెలుగునీడల లెక్క పాతది. 1889లో, 29 ఏళ్లకు, ఫ్రాన్సు లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చింది. ఆ తర్వాత 1896 దాకా ఇల్లు పారిసే.

ఇక ఆ పాలెట్. 1896లో వేసుకున్న స్వీయచిత్రం స్టాక్‌హోం నేషనల్‌మ్యూజియంలో ఉంది. వెనక చీకట్లో మోడల్, ముందు తెల్ల కోటు తొడుక్కున్న జోర్న్, చేతిలో పాలెట్. దాని మీద కనిపించేవి ఆ నాలుగు రంగులే. కానీ ఆయన నాలుగింటినే వాడాడనుకోవడం పొరపాటు. మోరాలో భద్రపరిచిన ఆయన సామగ్రిలో కోబాల్ట్ బ్లూ ట్యూబులు కూడా ఉన్నాయి. సముద్రానికో, దుస్తులకో నీలం కావాల్సినప్పుడు నీలమే వాడాడు. మనిషి చర్మానికి, ఇంటి లోపలి వెలుగుకు మాత్రం ఆ నాలుగూ చాలు.

ఎలా చాలతాయి? ఐవరీ బ్లాక్ అంటే ఎముకల బొగ్గు. దానిలో తెలుపు కలిపితే వచ్చే బూడిద కాస్త నీలి వైపు మొగ్గుతుంది. పక్కన ఎర్రటి చెంప ఉందనుకోండి, కంటికి అది నీలంగానే కనిపిస్తుంది. అదే నలుపు ఓకర్‌లో పడితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఎరుపులో పడితే ముదురు గోధుమ. రాని రంగులూ ఉన్నాయి: నెమలికంఠం, నిగనిగలాడే ఊదా, చిలకపచ్చ. వాటికోసం ఈ నాలుగింటితో కుస్తీ పట్టొద్దు.

పాళ్లు మొదలుపెట్టడానికి చెబుతాను, తర్వాత మీ కన్ను సరిచేసుకుంటుంది. లేత చర్మం వెలుగు భాగానికి తెలుపు మూడు పాళ్లు, ఓకర్ ఒకటి, ఎరుపు పావు. మన చామనఛాయకు ఓకర్ రెండు, ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు చిటికెడు. నీడకు తెలుపు తగ్గించి ఎరుపు, నలుపు పెంచాలి. నీడలో తెలుపు ఎక్కువైతే సున్నం కొట్టినట్టుంటుంది. బురద రావడానికి అసలు కారణం అదే, నలుపు కాదు.

జోర్న్ కాలపు తెలుపు సీసపుది. ఇప్పుడు దుకాణంలో ఇచ్చేది చాలావరకు టైటానియం వైట్. అది బలమైనది, కొంచెం పడినా మిగతా రంగుల్ని మింగేస్తుంది, అందుకే పుస్తకంలో రాసిన పాళ్లు కుదరవు. తెలుపు చెప్పినదాంట్లో సగంతో మొదలుపెట్టండి. సీసపు తెలుపు దొరికినా పొడి రూపంలో ముట్టుకోవద్దు, అది విషం. ఇంగిలీకపు ఎరుపు, అంటే వెర్మిలియన్, పాదరసం, గంధకం కలిసిన రంగు. దాని బదులు కాడ్మియం రెడ్ లైట్ వాడుకోవచ్చు, ఇది కూడా ఘాటైనదే కాబట్టి తక్కువగా తీసుకోవాలి. నలుపు దగ్గర చాలామంది దెబ్బతింటారు. ట్యూబు మీద మార్స్ బ్లాక్ అని ఉంటే పక్కన పెట్టండి. అది ఇనుము నుంచి చేసే రంగు, వెచ్చగా ఉంటుంది, నీలి బూడిద దాంట్లోంచి రాదు. ఐవరీ బ్లాక్ ఆలస్యంగా ఆరుతుంది, అందుకని అడుగు పొరలో చిక్కగా పులిమి పైన త్వరగా ఆరే పొర వేస్తే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి.

ముఖం వేసే ముందు నలుపు, తెలుపులతో, లేత నుంచి ముదురు దాకా తొమ్మిది మెట్ల పట్టీ ఒకటి కలపండి. నాలుగు రంగుల్లో కలిపిన ప్రతి ముద్దనూ ఆ పట్టీ పక్కన పెట్టి, ఏ మెట్టుదో చూసుకున్నాకే కాన్వాస్ మీద పెట్టండి. జోర్న్‌కు ఈ పట్టీ కంట్లోనే ఉండేది. నీటిరంగుల్లో అన్నేళ్లు కాగితపు తెలుపు నుంచి మెట్టుమెట్టుగా కిందికి దిగిన అలవాటు అది.

ఎచింగ్ గురించి, అంటే రాగిరేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీయడం గురించి, చెప్పకపోతే జోర్న్ సగమే. 1882లో లండన్‌లో ఉన్న స్వీడన్ దేశస్థుడు ఆక్సెల్ హెర్మన్ హేగ్ దగ్గర ఆ పని నేర్చాడు. జీవితంలో దాదాపు 290 రాగిరేకులు చేశాడు. పాతకాలపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఎచింగులను పట్టుబట్టి సేకరించాడు. రాగిరేకు మీద మైనం, తారు, గుగ్గిలం లాంటివి కలిపిన పూత పూసి, పొగతో నల్లబరిచి, సూదితో గీస్తే గీసినచోట రాగి బయటపడుతుంది. యాసిడ్‌లో పెడితే అక్కడే తింటుంది. జోర్న్ ఆకారం చుట్టూ గీత గియ్యడు. ముఖమా, గోడా, కోటా అని చూడకుండా పొడవాటి ఏటవాలు గీతలు వాన జల్లులా దించుతాడు. దట్టంగా పడ్డచోట చీకటి, పల్చబడ్డచోట వెలుగు. 1892లో ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్‌ను చేసిన ఎచింగ్ చూడండి. ఆ భారీ మనిషి చీకట్లోంచి పుట్టుకొచ్చినట్టు ఉంటాడు గానీ, చుట్టుగీత కోసం వెతికితే దొరకదు.

ఇందులో చెడేవి: రేకు మీద జిడ్డు వేలిముద్ర పడితే అక్కడ పూత అంటదు, యాసిడ్ లోపలికి దూరి మచ్చలు తింటుంది. గీతలు మరీ దగ్గరైతే మధ్య గోడలు కూలిపోతాయి, ముదురు నలుపు రావాల్సిన చోట సిరా నిలవక బూడిదగా అచ్చవుతుంది. లేత గీతలు చాలనుకున్నప్పుడు రేకు బయటికి తీసి, వాటిని వార్నిష్‌తో మూసి, మిగతావి మళ్లీ యాసిడ్‌లో పెట్టాలి. ఇక్కడా ముందు నిర్ణయమే. పైగా అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తుంచుకుని గియ్యాలి.

1893 చికాగో ప్రపంచ ప్రదర్శనకు స్వీడన్ కళావిభాగం బాధ్యుడిగా వెళ్లడంతో అమెరికా తలుపు తెరుచుకుంది. మొత్తం ఏడుసార్లు వెళ్లాడు. అమెరికా అధ్యక్షుల్లో గ్రోవర్ క్లీవ్‌లాండ్‌ను 1899లో, విలియం టాఫ్ట్‌ను 1911లో చిత్రించాడు, థియోడోర్ రూజ్‌వెల్ట్‌ను 1905లో ఎచింగ్ చేశాడు. డబ్బు కుప్పలుగా వచ్చింది. అధ్యక్షుల బొమ్మల కన్నా, 1894లో వెనిస్‌లో వేసిన, అమెరికన్ కళాసేకర్త ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ చిత్రానికే నా ఓటు. రాత్రి బాల్కనీ లోంచి చేతులు బార్లా చాచి గదిలోకి వస్తున్న మనిషిని, ఆ ఒక్క క్షణాన్ని, పట్టేశాడు.

ఆ డబ్బు మోరాకు చేరింది. 1896లో భార్యాభర్తలు అక్కడికే వచ్చి స్థిరపడ్డారు. మరుసటేడు ‘మిడ్‌సొమర్‌డాన్స్’, అంటే నడివేసవి నాట్యం, వేశాడు. 140 సెంటీమీటర్ల ఎత్తు, 98 వెడల్పు. ఉత్తర దేశపు వేసవి రాత్రి, చీకటి పడని బూడిద వెలుగులో పల్లె జంటలు నాట్యం చేస్తుంటాయి, కిటికీ అద్దాల్లో పొద్దు ఎర్రగా మెరుస్తుంది. ఆ ఎరుపు అంతగా మండటానికి కారణం చుట్టూ ఉన్న బూడిదే.

పడగొట్టబోయే పాత కలప ఇళ్లను కొని మోరాలో ఒకచోట చేర్చాడు. జానపద వాద్యాలు అంతరించిపోతున్నాయని 1906లో గెసుందా కొండ మీద పల్లె వాద్యకారులకు పోటీ పెట్టాడు. స్వీడన్‌లో జానపద సంగీతకారులకు ఇచ్చే గౌరవ పతకం నేటికీ ఆయన పేరు మీదే ఉంది. ఈ పనుల్లో సగం ఎమ్మావి. 1920 ఆగస్టు 22న జోర్న్ చనిపోయాక, 1942లో తాను పోయేదాకా ఆ ఇల్లూ సేకరణా కాపాడి, 1939లో ఆర్కిటెక్ట్ రాగ్నర్ ఓస్ట్‌బెరి కట్టిన జోర్న్ మ్యూజియాన్ని తెరిపించింది ఆమే. ఆస్తి మొత్తం స్వీడన్ ప్రభుత్వానికి రాసిచ్చారు.

మీవాళ్లెవరైనా అమెరికాలో ఉంటే, బోస్టన్ గార్డ్‌నర్ మ్యూజియంలో జోర్న్ వేసిన ‘ఆమ్నిబస్’, ఆ వెనిస్ చిత్రం రెండూ ఉన్నాయి. అక్కడి అమరికను మార్చకూడదని గార్డ్‌నర్ వీలునామాలోనే రాసింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1897 నాటి మిసెస్ బేకన్ పోర్ట్రెయిట్ ఉంది. నీటిరంగుల విషయం వేరు. వెలుగుకు రంగు పోతుందని వాటిని ఎక్కువ కాలం గోడ మీద ఉంచరు, కాబట్టి మోరా వెళ్లేవాళ్లు ఏవి బయట పెట్టారో ముందే అడిగి తెలుసుకోండి. బొమ్మ ముందు మొదట ఐదడుగుల దూరంలో నిలబడండి, నీళ్లు కదులుతాయి. తర్వాత అడుగు దూరానికి రండి, మూడు పొరలే కనిపిస్తాయి.