మెరుగు పెట్టిన బ్యారెల్‌తో సెకండ్ హ్యాండ్ గ్లాక్ 19 కొన్నా, తరుగు ఎంత పోయిందో చూడండి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా. ముందు ఈ గ్లాక్ పిస్టల్ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. స్లైడ్, అంటే పైన ముందుకీ వెనక్కీ జారే ఈ భాగం, మొత్తం నల్లగా ఉంది కదా, ఇదిగో కాల్చాక తూటా ఖాళీ కేసు బయటికి ఎగిరే ఈ కిటికీలోంచి కనిపిస్తున్న బ్యారెల్, అంటే గొట్టం మాత్రం పెళ్లిలో పెట్టిన కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడిపోతోంది. ఫ్యాక్టరీ నుంచి ఇలా రాదు. పాత ఓనరు ఇంట్లో కూర్చుని పాలిష్ చేశాడు. అది తెలిసే కొన్నాను, తెలిసి కొని కూడా ఎక్కడ దెబ్బ తిన్నానో చెప్పడానికే ఈ వీడియో.

అసలు సంగతిలోకి వెళ్లే ముందు, తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసేశా, స్లైడ్ వెనక్కి లాగి ఆపా, కంటితో చూశా, చిటికెన వేలు లోపల పెట్టి తడిమా, ఖాళీ. మళ్లీ ఇంకోసారి చూపిస్తున్నా, ఖాళీ. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, దాని డిజైనే అంత, అందుకని విసుగొచ్చినా సరే నేను రెండుసార్లు చూస్తాను. తూటాలు ఈ గదిలోనే లేవు.

ఇంకో మాట, మేమూ కొనొచ్చా అని వీడియో పెట్టిన ప్రతిసారీ కింద అడుగుతున్నారు కాబట్టి. నేను టెక్సాస్‌లో ఉంటాను, హ్యూస్టన్ పక్కన, పౌరసత్వం వచ్చాకే ఇవన్నీ మొదలుపెట్టాను. హెచ్1బీ మీద, ఎఫ్1 మీద ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా మీరు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు, కొనడం తర్వాత మాట. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి ఫ్రెండ్ చెప్పాడనో నా వీడియో చూశాననో నమ్ముకునేవి కావు, లాయర్ని అడగండి, మీ వీసా కంటే ఏ పిస్టలూ ఎక్కువ కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, షాపులో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలని ఫెడరల్ చట్టంలో ఉంది.

సరే, విషయానికొస్తా. గ్లాక్ 19 గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఆస్ట్రియా సైన్యం 1982లో గ్లాక్ 17 తీసుకుంది, దానికి కాస్త పొట్టి రూపంగా 1988లో ఈ 19 వచ్చింది, 9 మిల్లీమీటర్ల తూటా, మ్యాగజైన్‌లో 15, బ్యారెల్ పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. నా చేతిలో ఉన్నది మూడో జనరేషన్. ఓనరు 450 డాలర్లు చెప్పాడు. నేను బ్యారెల్ చూసి మొహం అదోలా పెట్టి, అటు లాగి ఇటు లాగి 340కి తెచ్చాను. 110 డాలర్లు తగ్గించానని ఆ రోజు కారులో నవ్వుకుంటూ వచ్చాను, ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇద్దరం టెక్సాస్ వాళ్లమే కాబట్టి పార్కింగ్ లాట్‌లో చేతులు మార్చుకున్నా ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది, కానీ నేను అలా కొనను. లైసెన్సున్న షాపుకి తీసుకెళ్లి 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి, 30 డాలర్లు ఫీజు కట్టి తీసుకున్నా. ఆ తుపాకీ ఎవరింట్లోంచి వచ్చిందో నాకేం తెలుసు, కాగితం ఉంటే రాత్రి నిద్ర పడుతుంది. ఫ్రేమ్, అంటే చేత్తో పట్టుకునే ఈ కింది భాగం, దాని కింద ఈ చిన్న రేకు మీద ఉన్న నంబరు కూడా చూసుకోండి, చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఈ ఫ్రేమే, ఈ నంబరు గీకేసి ఉంటే 50 డాలర్లకిచ్చినా ముట్టుకోవద్దు, అది ఫెడరల్ నేరం.

ఇప్పుడు బ్యారెల్. మన ఇళ్లలో గొలుసు మాసిపోయిందని కంసాలి దగ్గర మెరుగు పెట్టిస్తాం కదా. మెరుస్తూ వస్తుంది, అమ్మ మెళ్లో వేసుకుని మురిసిపోతుంది, నాన్న మాత్రం తూకం వేయించి తరుగు ఎంత పోయిందని అడుగుతాడు. మెరుపు ఊరికే రాదు, పైనున్నది కొంచెం పోతేనే వస్తుంది. ఈ బ్యారెల్ కథ కూడా అంతే. కాకపోతే బంగారానికి పైనా లోపలా ఒకే సరుకు, దీనికి అలా కాదు.

గ్లాక్ బ్యారెల్ మీద మనకి కనిపించే నలుపు ఉత్త అలంకారం, అది అరిగిపోయి బూడిద రంగు తేలినా కంగారు పడక్కర్లేదు. అసలు కాపలా దాని కింద ఉంది. నైట్రైడింగ్ అంటారు, 500 డిగ్రీలు దాటిన వేడిలో ఉక్కు పైపొరలోకి నత్రజని ఎక్కిస్తారు, అంటే ఇది పూసిన రంగు కాదు, ఉక్కే పైన గట్టిపడి ఉంటుంది. తుప్పుని ఆపేది అదే, అరుగుదలని ఆపేదీ అదే. ఇలాంటి పద్ధతుల్లో ఆ పైపై గట్టి పొర మందం మామూలుగా 10 నుంచి 20 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో నాలుగో వంతు. దాని కింద ఇంకాస్త లోతుకి నత్రజని పాకి ఉంటుంది కానీ తుప్పుకి అడ్డు నిలబడేది ప్రధానంగా పైదే. ఇంత పల్చటి దాని మీద ఒకాయన మోటారుకి రాపిడి బిళ్ల తగిలించి, ఎమిరీ పేపర్ పెట్టి, టీవీ చూస్తూ రెండు గంటలు రుద్దాడు. నలుపు దగ్గరే ఆగాడా, కింది పొర కూడా లేపేశాడా? కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి.

అందుకే కొన్న రోజే తేల్చుకుందామని మైక్రోమీటర్ తీశాను. ఫ్రెండ్ దగ్గర ఇదే జనరేషన్ 19 ఉంది, ఎవరూ ముట్టుకోని బ్యారెల్. మూతి దగ్గర వ్యాసం కొలిస్తే నాది 0.06 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. అంటే చుట్టూ 30 మైక్రాన్ల చొప్పున పోయినట్టు. రెండు బ్యారెళ్ల మధ్య ఫ్యాక్టరీలోనే కొంచెం తేడా ఉండొచ్చు, కాబట్టి ఈ ఒక్క లెక్కతో ఆయన మీద నేరం మోపను. కానీ హ్యూస్టన్ వాతావరణం సాక్ష్యం చెప్పింది. ఇక్కడ జూలైలో బయటికెళ్తే విశాఖ బీచ్‌లో నిలబడ్డట్టే ఉంటుంది, చొక్కా వీపుకి అంటుకుపోతుంది. ఓ శనివారం రేంజ్ నుంచి వచ్చి, చెమట చేత్తో పట్టుకున్న బ్యారెల్‌ని తుడవకుండా పెట్టేశాను, కావాలనే కాదు, బద్ధకం. గురువారం తీసి చూస్తే ఇదిగో ఇక్కడ, కిటికీ దగ్గరి పైభాగంలో, గోధుమ రంగు చుక్కలు, మొత్తం నాలుగు. ఫ్రెండ్ పిస్టల్ అదే రోజు అదే సంచిలో వచ్చింది, దాని మీద ఒక్క మచ్చ లేదు. మామూలు గ్లాక్ బ్యారెల్ అయిదు రోజులకి తుప్పు పట్టదండీ. అక్కడ నాకు విషయం అర్థమైపోయింది.

తుప్పు ఒక్కటే అయితే నూనె రాసుకుని సర్దుకుపోదును. రెండోది చూడండి. పిస్టల్ మూసుకున్నప్పుడు బ్యారెల్ పైభాగంలోని ఈ పలక లాంటిది స్లైడ్ కిటికీలో బిగుసుకుని కూర్చోవాలి, తూటా పేలే క్షణంలో బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కలిపి పట్టి ఉంచేది ఆ బిగువే. ఈ పలక అంచులు ఫ్యాక్టరీలో నిక్కచ్చిగా, గోటికి తగిలేలా ఉంటాయి. ఈ బ్యారెల్‌కి అంచులు సబ్బుబిళ్ల వాడి వాడి అరిగినట్టు గుండ్రంగా అయిపోయాయి. స్లైడ్ మూసి, పైనుంచి బొటనవేలితో నొక్కుతున్నా, చూడండి, కిందికి దిగి పైకొస్తోంది, చిన్న టిక్కు టిక్కు శబ్దం వినిపిస్తోందా? మైకు దగ్గరికి పెడతా. అదే. నా ఫ్రెండ్ దానికి ఇంత ఊపు లేదు. కొనేటప్పుడు ఈ పరీక్షకి పది సెకన్లు పడుతుంది, నేను చెయ్యలేదు, మెరుపు చూస్తూ నిలబడ్డాను.

మూడోది ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నాకైతే ఇదే పెద్ద నష్టం అనిపిస్తుంది. వాడిన పిస్టల్ బ్యారెల్ మీద స్లైడ్ రాసుకుని గీతలు పడతాయి, మూతి దగ్గర ఒక వంపు గీత, పలక మీద ఒక మచ్చ. అవి చూస్తే ఇది నెలకోసారి రేంజ్‌కి వెళ్లిన తుపాకీయా, వారానికి రెండొందలు కాల్చిన తుపాకీయా అని ఒక అంచనా వస్తుంది. పాలిష్ చేస్తే ఆ గీతలన్నీ పోతాయి. సెకండ్ హ్యాండ్ కారులో మీటరు వెనక్కి తిప్పినట్టే, ఆయన ఉద్దేశం అది కాకపోయినా సరే. "మహా అయితే 500 రౌండ్లు కాల్చి ఉంటా బ్రదర్" అన్నాడు. స్లైడ్ లోపల తూటా వెనక ఆనే ముఖం చూస్తే చిన్న చిన్న గుంతలు, స్లైడ్ జారే గాడుల దగ్గర నలుపు బాగా పోయింది, నా లెక్కలో నాలుగైదు వేలకి తక్కువ కాదు. కాబట్టి బ్యారెల్ అబద్ధం చెప్పినా స్లైడ్ లోపలి భాగం నిజం చెబుతుంది, అక్కడ టార్చ్ వేసి చూడండి.

ఇక మంచి సంగతి కూడా చెప్పాలి కదా. లోపల చెయ్యి పెట్టలేదు మహానుభావుడు. తూటా కూర్చునే గది గోడలు రుద్దలేదు, రుద్ది ఉంటే ఖాళీ కేసులు ఉబ్బి వచ్చేవి, నేను యాభై కేసులు ఏరి కాలిపర్‌తో కొలిచాను, అన్నీ ఫ్రెండ్ పిస్టల్ కేసుల్లాగే ఉన్నాయి. లోపలి మెలికలు, మూతి అంచు కూడా శుభ్రంగా ఉన్నాయి. తూటా జారి లోపలికెళ్లే ర్యాంప్ మాత్రం కొంచెం మెరిపించాడు, వాలు మార్చలేదు, అది పర్లేదు. ర్యాంప్ వాలు మారిపోయినా, గది లోపల మెరుపు కనిపించినా నేనైతే ఆ బ్యారెల్‌తో ఒక్క రౌండు కూడా కాల్చను.

రేంజ్‌లో 115 గ్రెయిన్ల బరువు గుండున్న మామూలు తూటాలు 200 కాల్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ 15 గజాల దూరంలో, బల్ల మీద చేతులు ఆన్చి కాల్చినా, అయిదు రౌండ్లు అయిదు అంగుళాల్లో చెల్లాచెదురు. నా చెయ్యేమోనని ఫ్రెండ్‌కిచ్చా, వాడు నాకంటే బాగా కాలుస్తాడు, వాడికీ నాలుగున్నర. కంపెనీ కొత్త బ్యారెల్ 165 డాలర్లు పెట్టి తెప్పించి, అదే పిస్టల్, అదే తూటాలు, అదే బల్ల, మూడు అంగుళాల లోపు. మార్చడానికి పనిముట్లు కూడా అక్కర్లేదు, విప్పి, తీసి, పెట్టడమే.

అందరూ అడిగే బంగారు రంగు బ్యారెళ్ల గురించి ఒక్క ముక్క. టైటానియం నైట్రైడ్ పూత అయితే వేరే సంగతి, అది రెండు మూడు మైక్రాన్ల గట్టి పూత, సరిగ్గా వేయిస్తే బ్యారెల్‌కి మంచిదే. అదే రంగు ఇంట్లో స్ప్రే కొట్టిందైతే పది మ్యాగజైన్లకే పెచ్చులూడుతుంది. ఇంకొందరు గ్యాస్ టార్చ్‌తో కాల్చి నీలం రంగు తెప్పిస్తారు, నెమలి ఈకలా ఉంటుంది, ఫోటోలో బ్రహ్మాండం. దానికి దండం పెట్టి వెళ్లిపోండి. ఉక్కు ఎక్కడ ఎంత కాగిందో ఆ కాల్చినవాడికే తెలీదు, మీ మొహానికి అడుగు దూరంలో పేలే వస్తువది.

అన్నట్టు, ఇండియాకి వెళ్లేటప్పుడు రేంజ్ సంచిని లగేజీకి వాడకండి. అక్కడ 9 మిల్లీమీటర్లు మామూలు జనానికి నిషేధించిన బోరు, అంటే గొట్టం సైజు, సంచి మూలలో ఒక్క తూటా ఉండిపోయినా ఎయిర్‌పోర్టులో ఆర్మ్స్ యాక్ట్ కింద కేసే. శంషాబాద్‌లో అలా ఇరుక్కున్నవాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. నా సంచి ఎర్రది, గ్యారేజీ దాటి లోపలికి రాదు.

ఇక నా నవ్వు సంగతి. పిస్టల్ 340, షాపు ఫీజు 30, కొత్త బ్యారెల్ 165, మొత్తం 535. మా ఇంటి దగ్గర షాపులో అప్పట్లో ఇదే మూడో జనరేషన్ కొత్తది, డబ్బాలో సీలుతో, 499, పన్ను 8.25 శాతం కలిపితే 540. అంటే నాలుగైదు వేల రౌండ్లు తిన్న తుపాకీ కొని నేను మిగుల్చుకున్నది 5 డాలర్లు. మా ఆవిడ ఈ లెక్క ఫ్రిజ్ మీద అంటించింది. ఒక మ్యాగజైన్ ఎక్కువ వచ్చిందిగా అన్నాను, దానికి ఆవిడ చూసిన చూపు వీడియోలో పెట్టలేను.

నేను చెయ్యాల్సింది ఏంటంటే, ఆ మెరుపు చూడగానే బ్యారెల్ లేని పిస్టల్‌కి ఎంత ఇస్తానో అంతే చెప్పాలి. 300 దాటకూడదు, నా ఉద్దేశంలో 275. ఆయన ఒప్పుకోకపోతే మంచినీళ్లు తాగి వచ్చేయాలి. అదే పాత కోల్ట్ పిస్టల్ లాంటి సేకరణ సరుకైతే లెక్క ఇంకా ఘోరం, వాటికి అసలు ఫినిషే ధర, కొత్త బ్యారెల్ వేసినా పోయింది తిరిగి రాదు. గ్లాక్ కాబట్టి 165తో బయటపడ్డాను.

ఈ పాత బ్యారెల్ అమ్మను, ఎవరికీ అంటగట్టను, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నా, ఇదిగో. మొన్న పాత ఓనరు పలకరించాడు, పిస్టల్ ఎలా ఉంది అని. ఉన్నమాట చెప్పాను, తుప్పు, ఊపు, కొత్త బ్యారెల్, అన్నీ. ఆయనేమీ బాధపడలేదు. "అయితే ఆ కొత్తది ఓసారి తీసుకురా బ్రదర్, నీకైతే 40 డాలర్లకే మెరిపించి ఇస్తా" అన్నాడు.