ఆ తొమ్మిదేళ్లకు హ్యాండోవర్

శ్రోతలందరికీ నమస్కారం.

నర్సింగ్ చదివారు. పరీక్షలు పాసయ్యారు. రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నారు. ఆ తర్వాత పెళ్లో, పిల్లలో, ఇంట్లో ఎవరికో జబ్బో, ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఒక్కరోజు కూడా డ్యూటీ చేయకుండానే ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తే ఎక్కడైనా అడిగేది ఒకటే మాట: అనుభవం ఉందా? ఇవాళ నేను మాట్లాడేది అలాంటివాళ్లతో. వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా వింటే ఇంకా మంచిది.

నేను చాలాకాలం వార్డుల్లో పనిచేశాను. తర్వాత కొత్త నర్సుల్ని తీసుకునే ఇంటర్వ్యూల్లో బల్లకు ఇవతలి పక్కన కూర్చున్నాను. ఇవతల కూర్చున్నవాళ్ల మనసులో ఏం మెదులుతుందో నాకు తెలుసు. అది చెప్పాలనుకున్నప్పుడల్లా నాకు ఒక అమ్మాయి గుర్తొస్తుంది. పేరు చెప్పను. ఈ కాస్త సమయంలో ఎక్కువ భాగం ఆ అమ్మాయి గురించే చెబుతాను.

చదువు పూర్తయి తొమ్మిదేళ్లు. అనుభవం సున్నా. మొదటిసారి వచ్చినప్పుడు ఫైలు ఒళ్లో పెట్టుకుని, దాని అంచులు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. నా పక్కనున్న డాక్టరుగారు అడిగారు: "ఇన్నేళ్లూ ఏం చేశారమ్మా?" అంతే, ఆ అమ్మాయి సంజాయిషీ మొదలుపెట్టింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు, నాన్నగారికి పక్షవాతం రావడం, మధ్యలో ఒకచోట ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోవడం. ఒకదాంట్లోంచి ఇంకొకటి. మధ్యమధ్యలో "సారీ సార్" అంటోంది. ఎందుకు సారీ? తండ్రికి సేవ చేసినందుకా? నాకు ప్రాణం ఉసూరుమంది.

నేను మాట మార్చి చిన్న లెక్క ఇచ్చాను. వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి. డ్రిప్ సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? ఆ అమ్మాయి కాసేపు పైకి చూసి, "చదువుకున్నాను మేడమ్, గుర్తు రావడం లేదు" అంది. సరే, కానులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం, వేయగలవా అమ్మా అని అడిగాను. "వేయగలను మేడమ్" అంది.

అక్కడ నేను కాగితం మీద "వద్దు" అని రాశాను.

మొదటి జవాబు దగ్గర కాదు. రెండో జవాబు దగ్గర. లెక్క మర్చిపోతే ఒక సాయంత్రంలో మళ్లీ నేర్చుకోవచ్చు. తొమ్మిదేళ్లుగా సూది పట్టని చెయ్యి, మనిషి నరంలోకి కానులా వేస్తానని తడుముకోకుండా అంటే మాత్రం నాకు భయం. ఆ భయం రోగి తరఫున.

ఇంటర్వ్యూలు అయ్యాక బయటికి వస్తే వరండాలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. పలకరించకుండా వెళ్లలేకపోయాను. "చూడమ్మా, మమ్మల్ని భయపెట్టింది నీ తొమ్మిదేళ్లు కాదు. నీకు ఏది వచ్చో, ఏది రాదో నీకే తేలలేదు. అది తేల్చుకుని మళ్లీ రా" అన్నాను. కాస్త కటువుగా అన్నానేమోనని ఆ రాత్రంతా బాధపడ్డాను.

ఆర్నెల్లకు మళ్లీ వచ్చింది. అదే గది, అదే బల్ల. ఈసారి ఫైలు మీద ఒక మామూలు నోట్‌బుక్కు, బడిపిల్లలు వాడేలాంటిది. డాక్టరుగారూ అదే ప్రశ్న వేశారు. ఇన్నేళ్లూ ఏం చేశారు?

ఆ అమ్మాయి చెప్పిన జవాబు నాకు దాదాపు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నర్సింగ్ పూర్తిచేసి తొమ్మిదిన్నరేళ్లయింది సార్, ఇంతవరకూ ఎక్కడా ఉద్యోగం చేయలేదు. ముందు పిల్లలు చిన్నవాళ్లు, తర్వాత మూడేళ్లు మంచాన పడ్డ నాన్నగారి సేవ, ఇప్పుడు పిల్లలు బడికి వెళ్తున్నారు, నాన్నగారు లేరు. ఈ ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాను, గుండె ఆగినప్పుడు చేసే బేసిక్ లైఫ్ సపోర్ట్ నేర్చుకున్నాను, నేను చదివిన కాలేజీలో అడిగి ల్యాబ్‌లో బొమ్మల మీద సాధన చేశాను, మనుషులకు మాత్రం ఇంకా కానులా వేయలేదు. మొదట్లో కొన్నాళ్లు ఒక సీనియర్ సిస్టర్ పక్కన పని ఇప్పించండి, మొదటి కానులా ఆవిడ ఎదుటే వేస్తాను."

నాలుగు మాటలు. నాలుగు చెప్పి ఆగిపోయింది. ఒక్క సారీ లేదు.

నేను పెన్ను కింద పెట్టేశాను. ఎందుకంటే ఆ అమ్మాయి ఇచ్చింది సంజాయిషీ కాదు, హ్యాండోవర్.

హ్యాండోవర్ అంటే, నర్సులు కానివాళ్ల కోసం చెబుతున్నాను. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సు వచ్చే నర్సుకు ఒక్కో రోగి గురించి అప్పగింతలు పెడుతుంది. దానికి ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి అది, తర్వాత ఆసుపత్రులకు వచ్చింది. అందులో నాలుగే భాగాలు. ఇప్పుడు పరిస్థితి ఏమిటి. దాని పూర్వాపరాలు ఏమిటి. నా అంచనా ఏమిటి. ఇప్పుడు ఏం జరగాలి. రోగికి జ్వరం ఎందుకొచ్చిందని నర్సు క్షమాపణ చెప్పదు కదా! ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, తర్వాత ఏం కావాలో చెబుతుంది. ఈ అమ్మాయి తన తొమ్మిదేళ్లనూ అలాగే అప్పగించింది.

గ్యాప్ గురించి అడిగితే సంజాయిషీ ఇవ్వకండి. హ్యాండోవర్ ఇవ్వండి. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇవాళ మైకు ముందు కూర్చున్నాను.

ఇప్పుడు ఆ నోట్‌బుక్కు. నేను అడిగితే ఇచ్చింది. తెరిస్తే ఎడమ పేజీ మీద "చేతికి వచ్చినవి" అని ఉంది. కుడి పేజీ మీద "చదివినవే, చేతికి రానివి" అని ఉంది. ప్రతి పంక్తికీ తేదీ. బీపీ చూడటం మొదట కుడి పేజీలో ఉంది. తర్వాత కొట్టేసి, తేదీ వేసి ఎడమ పేజీకి తెచ్చింది. ఇంట్లోవాళ్లకీ, ఒప్పుకున్న ఇరుగుపొరుగువాళ్లకీ రోజూ బీపీ, నాడి, శ్వాసలు చూసి రాసుకుంది. ఎవరి పేరూ లేదు. వయసు, తేదీ, సమయం మాత్రమే. మనిషి ఆరోగ్యం సంగతి బయటపెట్టకూడదన్న పాఠం తొమ్మిదేళ్లయినా మర్చిపోలేదన్నమాట. ఒకచోట ఒక పెద్దావిడ నాడి దగ్గర "లయ తప్పుతోంది, పూర్తి నిమిషం లెక్కపెట్టాను, డాక్టరుకు చూపించమన్నాను" అని ఉంది. నాడి సమంగా కొట్టుకుంటుంటే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించినా నడుస్తుంది. లయ తప్పితే నడవదు, నిమిషమంతా వేలు తీయకూడదు. ఉద్యోగం చేస్తున్నవాళ్లలోనే ఆ ఓపిక లేనివాళ్లను నేను చూశాను.

కుడి పేజీలో చివరిదాకా కొట్టివేయకుండా మిగిలినవి కొన్ని ఉన్నాయి. కానులా అందులో ఒకటి. నిజం చెబుతున్నాను, మేం ఆ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చింది కుడి పేజీ చూసే.

అన్నట్టు, సెలైన్ లెక్క మళ్లీ అడిగాను. వెయ్యి మిల్లీలీటర్లంటే 20 వేల చుక్కలు, 8 గంటలంటే 480 నిమిషాలు. "నిమిషానికి సుమారు 42 మేడమ్" అంది. అని ఊరుకోలేదు. "పది సెకన్లకు ఏడు" అంది. అది మంచం పక్కన నిలబడి వాచీ చూస్తూ డ్రిప్ సరిచేసే మనిషి చెప్పే మాట. కాగితం మీద లెక్క చేసేవాళ్లకు ఆ మాట తట్టదు.

మీరు అనుకోవచ్చు, ఆసుపత్రులకు నిజంగా ఇంత ఓపిక ఉంటుందా అని. అన్నింటికీ ఉండదు. అది నాకు బాధే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం అంతకు రెండేళ్ల ముందే ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉంది. ఒకపక్క ఇంత కొరత, ఇంకోపక్క చదువుకున్న నర్సు ఇంట్లో కూర్చుని ఉండటం! అనుభవం ఉన్నవాళ్లే రావాలని అందరూ రాస్తే, ఆ అనుభవం మొదటిసారి ఇచ్చేది ఎవరు? 1984లో ప్యాట్రీషియా బెన్నర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు నర్సు నైపుణ్యం ఐదు మెట్లుగా ఎదుగుతుందని వివరించారు. ఆవిడ చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఎంత అనుభవం ఉన్న నర్సయినా, తనకు అలవాటులేని రకం రోగులున్న వార్డుకు వెళ్తే మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడవచ్చట. ఇది ఉద్యోగాలిచ్చేవాళ్లు వినాలి. మొదటి మెట్టు మీద ఉండటం ఎవరి తప్పూ కాదు.

ఇక్కడ ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం పుట్టిస్తామనేవాళ్లు మీకు తగలవచ్చు. వద్దు. దయచేసి వద్దు. అబద్ధమని ఒక్కటే కాదు, ఇంకో కారణం ఉంది. మీకు మూడేళ్ల అనుభవం ఉందని కాగితం మీద రాసి ఉంటే మీ పక్కన ఎవరినీ పెట్టరు. వారం తిరక్కుండానే నైట్ డ్యూటీలో వార్డు మీ ఒక్కరికే అప్పగిస్తారు. ఏ తెల్లవారుజామునో ఒక రోగి ఊపిరి అందక లేచి కూర్చుంటే, "నాకిది రాదు, కాస్త చూపించండి" అని అడిగే హక్కును మీరు ముందే పోగొట్టుకుని ఉంటారు. అనుభవం లేదని నిజం చెప్పి చేరిన నర్సు ఎన్నిసార్లయినా అడగవచ్చు. మీరు కాపాడుకోవాల్సింది ఆ హక్కునే.

మరి ఏం సిద్ధం చేసుకోవాలి? అన్నిటికన్నా ముందు రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి, అది లేకపోతే మిగతావేవీ లెక్కలోకి రావు. చాలాకాలం మానేసినవాళ్లకు రెఫ్రెషర్ కోర్సు కావాలేమో మీ నర్సింగ్ కౌన్సిల్‌నే అడగండి, పక్కవాళ్లు చెప్పింది నమ్మకండి. ఇక చదువులో ఏం మారిందో చూసుకోండి. మీరు భయపడినంత ఉండదు, కానీ ఉన్నది ముఖ్యం. ఉదాహరణకు పెద్దవాళ్లకు గుండె ఆగినప్పుడు ముందు శ్వాసమార్గం, తర్వాత శ్వాస, ఆ తర్వాత ఛాతీ నొక్కడం అని మేం నేర్చుకున్నాం. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరస మార్చి, ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. ఇప్పుడు పెద్దవాళ్లకు చెప్పేది నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు. పాత వరసే మనసులో ఉన్నవాళ్లు ఆ క్షణంలో తడబడతారు. అందుకే బేసిక్ లైఫ్ సపోర్ట్ మళ్లీ నేర్చుకుని, తాజా తేదీ ఉన్న సర్టిఫికెట్టు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోమంటాను.

దరఖాస్తులు ఐసీయూలకే పెట్టకండి. వృద్ధుల సంరక్షణ కేంద్రాలు, డయాలసిస్ కేంద్రాలు, పక్షవాతం వచ్చినవాళ్లకు మళ్లీ నడక నేర్పే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి. వాటిని చిన్నచూపు చూడకండి. మూడేళ్లు తండ్రిని రెండేసి గంటలకోసారి ఒత్తిగిలబెట్టి, ఒంటిమీద పుండు పడనివ్వని మనిషికి అలాంటిచోట మొదటి రోజునుంచే చేతికి వచ్చిన పని ఉంటుంది. దాన్ని ఉద్యోగానుభవం అని రాయకండి. అడిగినప్పుడు చెప్పండి, ఎలా చేశారో వివరంగా చెప్పండి. వినేవాళ్లకు తెలుస్తుంది.

ఆ అమ్మాయి మొదటి కానులా వేసిన రోజు నేను అక్కడ లేను. పక్కనున్న సిస్టర్ చెప్పింది. ఆ అమ్మాయి చేతులు వణికాయట. ఆగి, "నేను చూస్తుంటాను, ఈసారి మీరు వేయండి" అని పక్కకు జరిగిందట. రెండో రోగికి తనే వేసిందట. ఆ సాయంత్రం కుడి పేజీలో కానులా మీద గీత పడింది.

ఆ నోట్‌బుక్కులో మొట్టమొదటి పంక్తి ఏమిటో చెప్పి ముగిస్తాను. శ్వాసలు లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది, అందుకే వాళ్లకు తెలియకుండా లెక్కపెట్టాలని మాకు నేర్పుతారు. ఆ అమ్మాయి అది గుర్తుపెట్టుకుని రాత్రిదాకా ఆగింది. మొదటి పేజీలో ఇలా ఉంది: "వయసు 7. రాత్రి 10 గంటల 10 నిమిషాలు. నిద్రలో. శ్వాసలు పూర్తి నిమిషానికి 20."

సెలవు. నమస్కారం.