బాంబర్గ్ మంత్రగత్తెల వేట ఆడియో సిరీస్ రివ్యూ: నాణేల ఎపిసోడ్ సూపర్, ఆ మ్యూజిక్ మాత్రం నా వల్ల కాదు

నమస్తే అండీ. ఈ సిరీస్ పేరు, ధర, ఎపిసోడ్ల లిస్టు అన్నీ స్క్రీన్ మీద పెట్టాను, చూసుకోండి. ఈపాటికి ట్రైలర్ కూడా వినే ఉంటారు. ముందే చెప్పేస్తున్నా, సబ్‌స్క్రిప్షన్ కంపెనీవాళ్లే ఫ్రీగా ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, స్క్రిప్టు వాళ్లకు చూపించలేదు. చూపిస్తే ఊరుకునేవాళ్లు కాదేమో కూడా.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. జర్మనీలో ఫ్రాంకోనియా ప్రాంతంలో బాంబర్గ్ అని ఒక ఊరు. అప్పట్లో అక్కడ బిషప్పే రాజు కూడా. 1626 నుంచి 1631 దాకా అక్కడ మంత్రగత్తెలంటూ వరసగా పట్టుకుని, చిత్రహింసలు పెట్టి చంపారు. అంతకుముందు జరిగిన విడతలు కూడా కలిపితే వెయ్యి మంది దాకా పోయారని అంచనా. బాణామతి నెపంతో ఊరివాళ్లు కొట్టి చంపడం మనం పేపర్లో చదివాం కదా, అలా అనుకుని వినకండి. ఇక్కడ చంపింది ప్రభుత్వం. కమిషనర్లున్నారు, రికార్డులున్నాయి, 1627లో దీనికోసమే ఒక జైలు కూడా కట్టారు.

ఇక నాకు పిచ్చపిచ్చగా నచ్చింది నాణేల ఎపిసోడ్. 1618లో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. సైనికులకు జీతాలివ్వాలి, ఖజానాలో డబ్బు లేదు. అప్పుడు జర్మన్ సంస్థానాల టంకశాలలు మంచి వెండి నాణేలు పోగేసి, కరిగించి, రాగి కలిపి, పాత విలువే ముద్రేసి బయటికి వదిలాయి. ఆ చెత్త నాణేలను పక్క సంస్థానంలో అంటగట్టి, అక్కడి మంచివి పట్టుకొచ్చే ఏజెంట్లు కూడా ఉండేవాళ్లు. పక్క సంస్థానం మాత్రం ఊరుకుంటుందా, అదీ మొదలెట్టింది. ఒకటిన్నర గుల్డెన్లకు (అప్పటి లెక్కల్లో వాడే డబ్బు) దొరికే థాలర్ అనే పెద్ద వెండి నాణెం 1622కల్లా కొన్ని ఊళ్లలో పది గుల్డెన్లయింది. 1623లో మళ్లీ పాత లెక్కకు తెచ్చారు. అప్పటికి ఇంట్లో రాగి నాణేలు దాచుకున్నవాడి పని అయిపోయింది. అంకెలతో విసిగించకుండా ఇదంతా రొట్టె కొనుక్కునేవాడి వైపు నుంచి చెప్పారు చూశారా, అక్కడ పడిపోయాను నేను.

ఇలా చితికిపోయి ఉన్న జనం మీదే 1626 మే నెలాఖరులో మంచు పడింది. ద్రాక్ష తోటలు, పొట్టకొచ్చిన రై పంట, అన్నీ మాడిపోయాయి. ఫ్రాంకోనియాలో ద్రాక్ష అంటే వైన్ ఒక్కటే కాదు, కూలి, అప్పు, పన్ను అన్నీ దాని మీదే. పంటల్ని నాశనం చేస్తున్న మంత్రగత్తెల్ని ఇంకా ఎందుకు ఉపేక్షిస్తున్నారని జనమే పాలకుల వెంట పడ్డట్టు ఆ కాలపు రాతల్లో ఉంది. బిషప్ యోహాన్ గెయోర్గ్ ఫుక్స్ ఫాన్ డోర్న్‌హైమ్‌కి అసలే ఆ పిచ్చి ఉంది. ఇంకేం కావాలి?

ఇప్పుడు నా గొడవకి వద్దాం. ట్రైలర్ నుంచి చివరి ఎపిసోడ్ దాకా "యుద్ధమే ఈ మంటలు రగిల్చింది" అని ఒకటే పాట. ఇంతకుముందు ఇంకో యాప్‌లో ఇంగ్లండ్‌లో మాథ్యూ హాప్కిన్స్ కథ విన్నాను. అక్కడైతే ఒప్పుకుంటా. 1645లో అంతర్యుద్ధం, ఊళ్లు తిరిగి కేసులు విచారించే జడ్జీల పర్యటనలు అస్తవ్యస్తం, ఆ సందులో ఈయన ఊరూరా తిరిగి ఫీజు పుచ్చుకుని మంత్రగత్తెల్ని పట్టిచ్చాడు. స్టోమార్కెట్ అనే ఒక్క ఊరే 23 పౌండ్లు కట్టింది. అక్కడ యుద్ధం నేరుగా కనిపిస్తుంది.

బాంబర్గ్‌లో అలా లేదండీ. వేట జోరుగా ఉన్నప్పుడు ఆ ఊరు యుద్ధరంగమే కాదు. యుద్ధం అక్కడికి ధరల రూపంలో వచ్చింది. నిజం సైన్యం, అంటే స్వీడన్ సైన్యం, దగ్గరికి వస్తోందనగా విచారణలు ఆగిపోయాయి. బిషప్ పారిపోయాడు, 1633లో ఆస్ట్రియాలో చచ్చాడు. ఆపింది కూడా యుద్ధమే కదా మరి! పట్టుకున్నవాళ్ల ఆస్తుల జప్తు మీద ఫిర్యాదులు వెళ్లి, దాన్ని మానమని ఈ సంస్థానాలన్నిటి పైన ఉండే చక్రవర్తి ఫెర్డినాండ్ ఆదేశించిన సంగతి కూడా పక్కనుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మండింది.

అంతకంటే మండింది మ్యూజిక్. నేను వంట చేస్తూ స్పీకర్‌లో వింటాను. ఆ డప్పులు, ఆ కేకలు విని మా అమ్మ "ఏ దయ్యం సినిమారా అది, ఆపు" అంది. సరే, మంటల సీన్లలో పెట్టుకోండి. యోహానెస్ యూనియస్ ఉత్తరం మీద కూడానా? ఆయన ఆ ఊరి మేయర్లలో ఒకడు. 1628 జూలై 24న జైల్లోంచి కూతురు వెరోనికాకి దొంగచాటుగా రాశాడు. నేను నిర్దోషిని అన్నాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పు, ఈ హింస తట్టుకోలేవని తలారే బతిమాలాడని రాశాడు. ఒప్పుకున్నాక కూడా వదల్లేదు, ఒక్కో వీధి పేరు చెబుతూ అక్కడ ఎవరెవరున్నారో చెప్పమన్నారు. ఒకడి నోట్లోంచి పది పేర్లు రావడం, వేట అన్నేళ్లు సాగడం ఎలాగో మొత్తం ఆ కాగితంలోనే ఉంది. చదివినాయన గొంతు బ్రహ్మాండం. వెనక వయొలిన్లు ఏడుస్తుంటే సగం మాటలు వినపడలేదు. ఉత్తరం ఇంకోచోట వెతుక్కుని చదువుకున్నా. ఆగస్టులో ఆయన్ని చంపేశారు.

కాబట్టి నా మాట ఏంటంటే, డబ్బు పెట్టి ఏడాది ప్లాన్ కొనకండి. ఫ్రీ ట్రయల్ తీసుకుని నాణేల ఎపిసోడ్, మంచు ఎపిసోడ్ వినేసి క్యాన్సిల్ చేయండి. ట్రయల్ అయ్యేలోపు చేయండి, లేకపోతే డబ్బులు కట్ అవుతాయి. క్యాన్సిల్ బటన్ ప్రొఫైల్‌లో అట్టడుగున, బూడిద రంగులో ఉంటుంది.