హిస్టిడిన్ మీదకు వచ్చిపోయే ప్రోటాన్

అందరికీ నమస్కారం.

ఎమ్మెస్సీ తరగతుల్లో ఎన్‌ఎంఆర్‌ని (బలమైన అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను కొలిచే పద్ధతి) అణువును గుర్తుపట్టే సాధనంగానే ఎక్కువగా చెప్పుకుంటాం. పదార్థం తయారుచేశాం, స్పెక్ట్రం తీశాం, అనుకున్నదే వచ్చింది, థీసిస్‌లో పెట్టేశాం. అక్కడితో ఆపేస్తే నాకు బాధగా ఉంటుంది. ద్రావణంలో ఉన్న అణువును చెడగొట్టకుండా, దానిలో ఏ పరమాణువు దగ్గర ఏం జరుగుతోందో చూపించగల పద్ధతి ఇది. ఈ రోజు ఆ మాటను హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఆధారంగా మీ ముందు పెడతాను.

ముందు అలనిన్ అనే చిన్న అమైనో ఆమ్లంతో కన్ను అలవాటు చేసుకుందాం. భారజలంలో (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీటిలో) కరిగించి 5 మిల్లీమీటర్ల ట్యూబులో అర మిల్లీలీటరు పోస్తే చాలు. 1.48 పీపీఎం (స్పెక్ట్రంలో పీక్ స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర మిథైల్ ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, రెండు గీతలుగా, 3.78 దగ్గర ఆల్ఫా ప్రోటాన్ నాలుగు గీతలుగా కనిపిస్తాయి. గీతల మధ్య ఎడం రెండుచోట్లా ఒకటే, సుమారు 7 హెర్ట్జ్. అంటే ఆ ప్రోటాన్లు ఇరుగుపొరుగువి. మరి అమైనో సమూహం మీదివి ఏమయ్యాయి? నీటితో మారకం జరిగి వాటి చోట డ్యుటీరియం చేరింది. కనిపించలేదని సాంపిల్‌ను అనుమానించకండి.

ఇక హిస్టిడిన్. రెండు నైట్రోజన్లున్న దాని ఇమిడజోల్ వలయం పీహెచ్ 6 దగ్గర సగం సగంగా ఉంటుంది: సగం అణువులు అదనపు ప్రోటాన్‌ని పట్టుకుని, సగం వదిలేసి. శరీర ద్రవాల పీహెచ్‌కి ఇది దగ్గర కావడం వల్లే ఎన్నో ఎంజైములు ప్రోటాన్ ఇచ్చిపుచ్చుకోవడానికి హిస్టిడిన్‌ని వాడుకుంటాయి. ఆ రెండు నైట్రోజన్ల నడుమ ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్‌ని గమనించండి. పీహెచ్ 3లో దాని పీక్ సుమారు 8.6 దగ్గర, పీహెచ్ 9లో 7.7 దగ్గర ఉంటుంది. మరి 6లో రెండు పీకులు రావాలి కదా? రావు. ఒకటే వస్తుంది, నడిమధ్యన. 500 మెగాహెర్ట్జ్ యంత్రంలో ఆ రెండు స్థానాల తేడా 450 హెర్ట్జ్. ప్రోటాన్ రాకపోకలు అంతకన్నా ఎంతో వేగంగా సాగుతాయి కాబట్టి యంత్రానికి సగటే అందుతుంది. పీక్ ఎక్కడ నిలిచిందో చూస్తే ఎంత భాగం ప్రోటాన్‌తో ఉందో నేరుగా తెలుస్తుంది.

విడి హిస్టిడిన్‌కి ఇదంతా ఎందుకు, మామూలు టైట్రేషన్ చాలదా అంటారా? చాలు. ప్రోటీన్‌లో చాలదు. ఆర్‌ఎన్‌ఏను తెంచే ఎంజైమ్ రైబోన్యూక్లియేజ్ ఏలో 124 అమైనో ఆమ్లాలు, వాటిలో 12, 48, 105, 119 స్థానాల్లో హిస్టిడిన్లు. టైట్రేషన్‌లో ఎలక్ట్రోడ్ వాటన్నిటి మొత్తం లెక్క ఒక్కటే చెబుతుంది. 1957లో 40 మెగాహెర్ట్జ్ దగ్గర తీసిన ఈ ప్రోటీన్ తొలి స్పెక్ట్రంలో అన్నీ కలిసిపోయిన గుట్టలే. కానీ హిస్టిడిన్ పీకులు మిగతా గుంపుకి కాస్త ఎడంగా ఉంటాయి. 1960ల్లో ఓలెగ్ జార్డెట్‌స్కీ బృందం వాటిని విడివిడిగా వెంబడించింది. ఎంజైమ్ పనిచేసే చోట అతుక్కునే సిటిడిన్ ఫాస్ఫేట్ అనే చిన్న అణువును కలిపితే 12, 119 పీకులు బాగా కదిలాయి, 105 మాత్రం దాదాపు కదల్లేదు. ఎంజైమ్ పనిచేసే చోటు ఆ రెండింటి దగ్గరేనని ద్రావణంలోనే కళ్లకు కట్టింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది.

తర్వాత ప్రోటీన్ మొత్తం ఆకృతిని గీయడానికి దారి పడింది. 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న ప్రోటాన్ల జంటలను చూపే రెండు పరిమాణాల ప్రయోగాన్ని 1980లో జ్యూరిక్‌లో ఎర్న్‌స్ట్, వూత్రిక్‌లతో కలిసి ప్రచురించింది మన అనిల్ కుమార్. ఆయన బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్త. ఎర్న్‌స్ట్‌కి 1991లో, వూత్రిక్‌కి 2002లో నోబెల్ వచ్చాయి.

యంత్రం మీకు అందుబాటులో ఉంటే హిస్టిడిన్ ప్రయోగం మీరే చేయండి. ఒక్క జాగ్రత్త: భారజలంలో పీహెచ్ మీటరు చూపిన అంకెకు 0.4 కలిపితేనే అసలు పీడీ (భారజలంలో పీహెచ్‌కి బదులు వాడే కొలత) వస్తుంది. కలిపారో లేదో రికార్డులో తప్పక రాయండి.