మీ ఊరి సర్పంచ్ సీటు ఢిల్లీలో ఎందుకు ఇరుక్కుంది?

నమస్తే. ఇవాళ్టి వీడియోకి కారణం ఒక కామెంట్. పోయినసారి బీసీ రిజర్వేషన్ల మీద రెండు ముక్కలు మాట్లాడితే కింద ఒకాయన రాశాడు: "సర్పంచ్ ఎలక్షన్‌కి పార్టీ గుర్తే ఉండదు, మధ్యలో ఢిల్లీ ఎందుకొచ్చింది బ్రో?" దానికి బోలెడు లైకులు. ఆ బ్రో రెండు రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు.

గుర్తు ఉండదు, నిజమే. తెలంగాణలో సర్పంచ్ బ్యాలెట్ మీద ఉంగరం ఉంటుంది, కత్తెర ఉంటుంది. చెయ్యి, కారు, కమలం ఉండవు. (బ్యాలెట్ కాగితం రంగు మాత్రం గులాబీ. దాని మీద వచ్చే జోకులు మీకు తెలిసినవే, నేను చెప్పను.) కానీ ఒక్కసారి తేదీలు చూడండి. పాత సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1న అయిపోయింది. కొత్త వాళ్లకు ఓట్లు పడింది 2025 డిసెంబరులో. ఇరవై రెండు నెలలు. పన్నెండు వేలకు పైగా ఊళ్లు, ఒక్క సర్పంచ్ లేడు. ఐదేళ్లు పూర్తయ్యేలోపే కొత్త ఎన్నిక జరిగిపోవాలని రాజ్యాంగం 243ఈ లో రాసి ఉంది. మరి ఎక్కడ ఆగింది?

ఇది అర్థం కావాలంటే మా చిన్నాయన పొలానికి రావాలి.

మాది సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు. పొట్టకొచ్చిన వరికి నీళ్లు ఆగిపోతే ఏమవుతుందో ఆయకట్టు రైతుకి చెప్పక్కర్లేదు. అప్పుడు మా చిన్నాయన చేసే మొదటి పని, పార భుజాన వేసుకుని పై పొలం ఆయన మీదికి పోవడం. "మడవ (గట్టులో నీళ్లు పారే గండి) నువ్వే కట్టినవ్!" ఆయనేమో "నా మడి చూడు, నెర్రెలిచ్చింది" అంటాడు. ఇద్దరూ కలిసి తూము దగ్గరికి పోతారు. అక్కడ లష్కర్, అంటే కాలువ గేట్లు చూసే మనిషి, బీడీ వెలిగించి, "నా చేతులేముంది అయ్యా, పైనుంచి ఇడవలే" అంటాడు. పైన మేజరు కాలువ, దాని పైన మెయిన్ కెనాల్, దాని పైన హెడ్ రెగ్యులేటర్. గేటు దింపింది అక్కడ. అప్పటికి ఊళ్లో మడవ దగ్గర ఇద్దరి తలలు పగిలి ఉంటాయి.

అంటే గొడవ జరిగే చోటు ఒకటి, గేటు ఉన్న చోటు ఇంకొకటి. ఈ వీడియోలో ఇది ఇంకో పదిసార్లు చెప్తా, భరించండి.

(పక్కమాట: సాగర్ గేట్లంటే ఉత్త ఉపమానం కూడా కాదు. 2023 నవంబరు 30, సరిగ్గా తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు, డ్యాం మీద సగం గేట్లు ఆంధ్ర పోలీసుల చేతిలో ఉన్నాయి. ఆ తర్వాత సీఆర్‌పీఎఫ్ వచ్చి కూర్చుంది. సరే, అది వేరే వీడియో.)

ఇప్పుడు సర్పంచ్ సీటుకి వద్దాం. ఎన్నిక ఆగింది బీసీలకు ఎన్ని సీట్లివ్వాలన్న లెక్క దగ్గర. తూము గోడ మీద నీటిమట్టం గీతలు చూశారు కదా? రిజర్వేషన్ల గోడ మీద కూడా ఒక ఎర్ర గీత ఉంది, 50 శాతం దగ్గర. ఎస్సీ, ఎస్టీ, బీసీ అన్నీ కలిపినా అది దాటకూడదు. స్థానిక సంస్థలకు ఆ గీత గీసింది సుప్రీంకోర్టు, 2010లో, కృష్ణమూర్తి కేసులో, ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం. ఎస్సీ, ఎస్టీల వాటా జనాభాని బట్టి ముందే పోతుంది, అది రాజ్యాంగం ఇచ్చింది. బీసీలకు ఎంతివ్వాలన్నది రాష్ట్రం ఇష్టానికి వదిలేశారు. కాబట్టి ముందు మడులు తడిశాక మిగిలినదే బీసీలకు. వాళ్లది చివరి ఆయకట్టు.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు బీసీలకు 34 శాతం. 2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టంలోనూ 34 పెట్టారు, మొత్తం కలిపితే 61 అయింది, హైకోర్టు ఒప్పుకోలేదు. అప్పుడు అప్పటి టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, 50 దాటదు అని తనే చట్టంలో రాసుకుంది. 285ఏ సెక్షన్ అంటే అదే. 2019 జనవరి ఎన్నికల్లో బీసీ వాటా ఇరవై మూడు దగ్గరికి దిగిపోయింది. గమనించండి, ఇక్కడ గేటుకి రెండు తాళాలు పడ్డాయి. ఒకటి కోర్టు వేసింది, రెండోది హైదరాబాద్ వేసింది. మొదటి తాళం చెవి ఎవరి దగ్గరా లేదు. రెండోది అసెంబ్లీ దగ్గరే ఉంది.

ఇక కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది, ఇంటింటి కులసర్వే చేసింది. 2025 ఫిబ్రవరిలో లెక్క బయటపెట్టింది: ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. మార్చి 17న అసెంబ్లీలో 42 శాతం బిల్లులు పాసయ్యాయి. ఒకటి చదువులు, ఉద్యోగాలకి, ఇంకొకటి స్థానిక సంస్థలకి. ప్రతిపక్షాలూ అడ్డు చెప్పలేదు. ఏ పార్టీ చెప్తుంది? ఆ ఓట్లు లేకుండా ఎవరు బతుకుతారు?

బిల్లులు గవర్నర్ దగ్గరికి వెళ్లాయి. గవర్నర్ రాష్ట్రపతికి పంపారు. మన కథలో గవర్నర్ అంటే లష్కర్. తీయను అనడు, తీస్తాను అనడు, "పైనుంచి రావాలె" అంటాడు. జులైలో రాష్ట్రం 285ఏ మార్చడానికి ఆర్డినెన్స్ తయారు చేసి పంపితే అదీ ఢిల్లీ బాటే పట్టింది. ఆగస్టులో ముఖ్యమంత్రి, మంత్రులు వెళ్లి జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఒక్కసారి ఆలోచించండి: మా ఊళ్లో ఎనిమిదో వార్డు బీసీ మహిళకా, జనరల్‌కా అనే ప్రశ్న మీద ఢిల్లీలో ధర్నా.

ఇప్పుడు ఆ కామెంట్ బ్రో అడగాల్సిన అసలు ప్రశ్న: ఢిల్లీ ఎందుకు పట్టించుకుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. నీళ్లు పైనుంచి కిందికే వస్తాయి అనుకుంటాం. మన కాలంలో ఎత్తిపోతలు కూడా ఉన్నాయి కదా, మోటార్లు పెట్టి కింది నీళ్లు పైకి తోడతారు. కులసర్వే అలాంటిదే. దేశమంతా కులగణన చెయ్యాలి, 50 గీత చెరిపెయ్యాలి అన్నది రాహుల్ గాంధీ జాతీయస్థాయిలో ఎత్తుకున్న పాట. దానికి ఒక నమూనా కావాలి, చూపించడానికి ఒక ఊరు కావాలి. తెలంగాణ పంచాయతీలు ఆ నమూనా అయ్యాయి. బీజేపీకి సరిగ్గా అదే ఇబ్బంది. 42కి మేం ఒప్పుకుంటాం, అందులో ముస్లింలను తీసెయ్యండి అంది. అంటే ముస్లిం బీసీ అయిన మా ఊరి దూదేకులాయన వార్డు మెంబర్‌గా నిలబడొచ్చా అనేది దేశరాజకీయంలో హిందూ ముస్లిం వాదన అయి కూర్చుంది. ఈలోగా 2025 ఏప్రిల్ 30న కేంద్రం వచ్చే జనగణనలో కులం కూడా లెక్కిస్తామని ప్రకటించింది. తెలంగాణను చూసి భయపడే ప్రకటించారని కాంగ్రెస్, కాదు మాదే ఘనత అని బీజేపీ. నా అనుమానం అడిగితే, ఇద్దరికీ మా ఎనిమిదో వార్డు కంటే వచ్చే లోక్‌సభ ఎన్నికే ముఖ్యం.

ఇదంతా నడుస్తుంటే ఊళ్లో ఏం జరిగింది? సర్పంచ్ పోయి ప్రత్యేకాధికారి వచ్చారు. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్లు, పైగా తన ఆఫీసు పని. ఇక డబ్బు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు కేంద్రం నుంచి పంచాయతీకి రావాలంటే ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. లేదు, కాబట్టి రాలేదు. ఎన్నికలు పెట్టకపోతే సుమారు 3 వేల కోట్లు పోతాయని చివరికి రాష్ట్ర ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ వేల కోట్లు మనకు తలకెక్కవు. నేను చూసింది చెప్తా. మా పంచాయతీ ట్రాక్టరు, పొద్దున్నే చెత్త ఎత్తే ట్రాక్టరు, డీజిల్ లేక గ్రామపంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబడి ఉంది. ట్రాలీలో చెత్త అలాగే ఉంది, కోళ్లు ఎక్కి గీకుతున్నాయి. కార్యదర్శి పిల్ల, ఇంకా ముప్పై కూడా లేవు, బంకులో తన పేరు మీద అరువు పెట్టించి డీజిల్ పోయించింది. మా అత్తమ్మ ఏమంటోంది? "ఈ కార్యదర్శికి పని చేతకాదు." చూశారా? మడవ దగ్గర గొడవ!

గేటు సంగతికి వద్దాం. 2025 జూన్‌లోనే హైకోర్టు, సెప్టెంబరు 30 లోపు ఎన్నికలు పూర్తి చెయ్యమంది. ప్రభుత్వం సెప్టెంబరు 26న జీవో 9 ఇచ్చింది, బీసీలకు 42, మొత్తం 67 శాతం. గీత దాటింది. అక్టోబరు 9 పొద్దున ఎంపీటీసీ, జెడ్పీటీసీ (మండల, జిల్లా పరిషత్ సభ్యుల) ఎన్నికల తొలి విడతకి నోటిఫికేషన్ వచ్చింది, నామినేషన్లు మొదలయ్యాయి. అదే రోజు హైకోర్టు స్టే ఇచ్చింది. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని నామినేషన్ వేసి వచ్చినవాడు ఇంటికి చేరేసరికి ఎన్నికే లేదు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోతే ఆ పిటిషన్‌ని 16న కొట్టేసింది.

18న బంద్. ఇది నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన రోజు. బీసీ సంఘాలు తెలంగాణ బంద్ పిలిచాయి. కాంగ్రెస్ మద్దతు, బీఆర్‌ఎస్ మద్దతు, బీజేపీ మద్దతు. బస్సులు డిపోల్లో, షాపులు బంద్. హైదరాబాద్‌లో గేటు పట్టుకున్నవాళ్లు, ఢిల్లీలో గేటు పట్టుకున్నవాళ్లు, అంతకుముందు తాళం వేసినవాళ్లు, అందరూ జెండాలు పట్టుకుని రోడ్డు మీదే ఉన్నారు. మరి బంద్ ఎవరి మీద? మా చిన్నాయన అన్నాడు: "లష్కరు, ఇంజనీరు, మంత్రి అందరొచ్చి నా మడవ కాడ కూసొని నీళ్లు కావాలె అని అరిస్తె నేనేం జెయ్యాలె?"

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

ఒకటి, "తమిళనాడులో 69 ఉంది కదా, తొమ్మిదో షెడ్యూల్లో పెడితే పోలా?" అంటారు. కోర్టులు ముట్టుకోకుండా చట్టాలను దాచుకునే రాజ్యాంగంలోని జాబితా అది. తమిళనాడు 69 చదువులకి, ఉద్యోగాలకి. 1994లో 76వ సవరణతో పెట్టారు, పార్లమెంటు చేయాల్సిన పని అది. పెట్టినా కోర్టు చూడదన్న గ్యారంటీ 2007 తర్వాత లేదు.

రెండు, బిల్లుల మీద ఏదో ఒకటి తేల్చడానికి గవర్నర్‌కి గడువు. 2025 ఏప్రిల్లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గడువులు పెట్టింది, నవంబరు 20న రాజ్యాంగ ధర్మాసనం అలా గడువులు పెట్టలేమంది. లష్కర్‌కి మళ్లీ బీడీ వెలిగించుకునే తీరిక దొరికింది.

మూడు, ఆంధ్రావాళ్లు నవ్వకండి. 2019 డిసెంబరులో మీ జీవో 59.85 శాతం, 2020 మార్చిలో హైకోర్టు కొట్టేసింది, తర్వాత కోవిడ్, ఎన్నికల కమిషనర్‌ని మార్చడానికి ఆర్డినెన్స్, మళ్లీ కోర్టు, చివరికి పంచాయతీలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ గొడవలోనూ ఆర్థిక సంఘం నిధులు పోతాయన్న మాట గట్టిగానే వినపడింది.

తెలంగాణలో చివరికి ఏమైంది? నవంబరులో కేబినెట్ 50 లోపలికే తిరిగొచ్చింది. డిసెంబరు 11, 14, 17, మూడు విడతలు. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా ఓట్లు, రెండింటికి లెక్కింపు. మా ఊళ్లో ఉంగరం గెలిచింది. ఆ రాత్రి టీవీ పెడితే, పార్టీ గుర్తు లేని ఆ ఎన్నికలో ఇన్ని వేలు మావి అని కాంగ్రెస్, ఇన్ని మావి అని బీఆర్‌ఎస్, మేం ఇంత పెరిగాం అని బీజేపీ. కొత్త సర్పంచ్‌కి ఫోన్ చేసి అడిగా, "అన్నా, నువ్వు ఎవరి లెక్కలో ఉన్నవ్?" అని. "ఇద్దరి లెక్కల ఉన్ననంట తమ్మీ, ముందు ట్రాక్టర్ డీజిల్ బాకీ ఎంతో చూడాలె" అన్నాడు.