స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ దాకా చిన్న ఓడలో: క్రొయేషియా ట్రిప్ రివ్యూ

అందరికీ నమస్తే. ఈరోజు క్రొయేషియా తీరంలో చేసిన చిన్న ఓడ ట్రిప్ గురించి చెప్తాను. స్ప్లిట్‌లో ఎక్కాం, దీవులన్నీ చూసుకుంటూ డుబ్రోవ్నిక్‌లో దిగాం. రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

వేల మంది ఎక్కే పెద్ద క్రూయిజ్ కాదండీ ఇది. ముప్పై, నలభై మంది పట్టే ఓడ. పొద్దున కాసేపు ప్రయాణం, మధ్యాహ్నం ఎక్కడో తీరపు వంపులో లంగరేసి ఈతకి దిగనిస్తారు, సాయంత్రానికి ఏదో ఒక ఊరి రేవుకి చేరిపోతాం. రాత్రికి మకాం అక్కడే. నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. పగటి టూరిస్టులంతా వెళ్లిపోయాక ఆ పాత ఊళ్లలో తీరిగ్గా తిరగొచ్చు.

స్ప్లిట్‌కి మాత్రం ఓడ బయల్దేరే ముందురోజే చేరుకోండి. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో పదవి వదిలేశాక మిగిలిన జీవితం గడపడానికని కట్టించుకున్న ప్యాలెస్ ఉందక్కడ. ఆ గోడల లోపల ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు. రోమన్ గోడలోనే కిటికీ, ఆ కిటికీకి ఆరేసిన బట్టలు! క్రైస్తవుల్ని హింసించిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే తర్వాత కెథడ్రల్ అయింది. ఒకప్పుడు సముద్రం ప్యాలెస్ దక్షిణపు గోడ దాకా ఉండేది. అందుకే నీళ్ల మీంచి చూస్తేనే ఆ కట్టడం ముఖం మనకి సరిగ్గా కనిపిస్తుంది.

హ్వార్ దీవిలోని హ్వార్ టౌన్ అందంగానే ఉంది. 1612 నాటి థియేటర్ ఉంది, కొండ మీద కోట ఉంది. కానీ సీజన్‌లో రాత్రంతా పార్టీల గోల. అదే దీవిలో స్టారీ గ్రాడ్‌లో ఆగే ఓడ దొరికితే అదే తీసుకోండి. క్రీ.పూ. 384లో గ్రీకులు కట్టుకున్న ఊరది. వాళ్లు రాతి గోడలతో విడదీసిన పొలాల్లో నేటికీ ద్రాక్ష, ఆలివ్ పండిస్తున్నారు. ఆ గట్ల వెంట నడుస్తుంటే నాకు వెనక్కి రావాలనిపించలేదు.

ఇక కోర్చులా దీవి. నా ఓటు దీనికే. పాత ఊరి వీధులు పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటాయి. పడమటి వైపు వీధులు తిన్నగా ఉంటాయి, వేసవిలో వీచే మాయెస్ట్రాల్ గాలి లోపలికి రావాలని. తూర్పు వైపువి కాస్త వంచారు, చలికాలపు బూరా గాలి దూసుకురాకుండా. ఫ్యాన్లు, హీటర్లు లేని రోజుల్లో ఎంత ఆలోచించి కట్టారో చూడండి! మార్కో పోలో పుట్టిల్లని ఒక ఇల్లు చూపిస్తారు కానీ దానికి గట్టి ఆధారం లేదు. ఆ టైమ్‌లో రెండు వీధులు ఎక్కువ తిరగండి.

డుబ్రోవ్నిక్‌లో 1,940 మీటర్ల కోటగోడ మీద నడవాలి, గేటు తెరవగానే వెళ్లండి, ఎండ తగలదు. పై నుంచి చూస్తే కొన్ని ఇళ్ల పెంకులు పాతబడి వెలిసిపోయి, చాలావాటివి కొత్తగా ఎర్రగా ఉంటాయి. ఆ కొత్త పెంకులవి 1991-92లో యుగోస్లావ్ సైన్యం ముట్టడిలో దెబ్బతిన్న కప్పులు. చూస్తే మనసు బరువెక్కుతుంది. ఇంకో సంగతి. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు ముప్పై రోజులు బయటే ఆగాలని 1377లోనే ఈ ఊరు చట్టం చేసింది. ఓడలో వచ్చి ఆ రేవు చూస్తుంటే, అప్పటి నావికులు ఊరిని కళ్లెదుట పెట్టుకుని ఎలా ఎదురుచూసి ఉంటారో అనిపించింది.

ఇప్పుడు ఆ తగ్గిన పాయింటు. కింది క్యాబిన్‌లో ఇంజిన్ మోత బాగా వినిపిస్తుంది, పై డెక్ గది అడగండి. రేవుల్లో ఓడల్ని పక్కపక్కనే కట్టేస్తారు, ఒక్కోసారి పక్క ఓడల మీదుగా దాటి ఒడ్డుకి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. రాత్రి భోజనం చాలా ప్యాకేజీల్లో ఉండదు, ఊళ్లోనే తినాలి. శాకాహారులైతే బుకింగ్‌లోనే గట్టిగా చెప్పండి. గాలి ఎదురు తిరిగితే కెప్టెన్ రూటు మార్చేస్తాడు, అది మన భద్రత కోసమే.

భారతీయ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. 2023 జనవరి 1 నుంచి అక్కడ యూరోలే చెల్లుతాయి. జూన్ గానీ సెప్టెంబర్ గానీ ఎంచుకోండి. ఓడలోనే పడుకోవడం ఇష్టం లేకపోతే, సీజన్‌లో ఇదే దారిలో ఫెర్రీలు నడుస్తాయి. హ్వార్‌లో ఒక రాత్రి, కోర్చులాలో రెండు రాత్రులు వేసుకోండి.