పత్తి నూగు నుంచి ఫిరంగి గుండు దాకా

శ్రోతలకు నమస్కారం.

జిన్నింగు మిల్లులో దూది తీసేశాక కూడా పత్తిగింజను పొట్టి నూగు అంటిపెట్టుకునే ఉంటుంది. వ్యాపారులు దాన్ని లింటర్ అంటారు. శుభ్రం చేసి నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెడితే అది నైట్రోసెల్యులోజ్ అవుతుంది. ఫిరంగి గొట్టంలోంచి గుండును బయటికి నెట్టే మందుకు మూలం అదే. ఐరోపా ఆయుధ కర్మాగారాలకు ఈ నూగు ఎక్కువగా చైనా నుంచే రావాలి. 2024లో ఐరోపా కమిషనర్ థియరీ బ్రెటన్ ఈ మాట బాహాటంగానే ఒప్పుకున్నారు.

అంతకు ఏడాది ముందు, 2023 మార్చిలో, పన్నెండు నెలల్లో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని ఐరోపా సమాఖ్య ఉక్రెయిన్‌కు మాటిచ్చింది. గడువు నాటికి చేరినవి సుమారు సగం. డబ్బున్న దేశాలే కదా, ఎందుకిలా అయింది? నూగు కొరత ఒక కారణమే గాని, అసలు చిక్కు వేరే చోట ఉంది.

రక్షణ అర్థశాస్త్రం అని ఒక శాఖ ఉంది. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో కీత్ హార్ట్లీ దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. ఈ శాఖలో మొదట నేర్పే సంగతి ఒకటుంది: ఆయుధాల సంతలో కొనేవాడు ఒక్కడే, వాడు ప్రభుత్వం. చెరకు రైతుకు దగ్గర్లో ఉన్న ఒక్క చక్కెర ఫ్యాక్టరీయే గతి అయినట్టు, ట్యాంకు తయారీదారుకు సర్కారే గతి. ఒకప్పుడు రెండు వేలకు పైగా లెపర్డ్-2 ట్యాంకులు కొన్న జర్మనీ, ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక వాటిని సుమారు మూడు వందలకు తగ్గించుకుంది. ఆ దెబ్బ తిన్న కంపెనీ మంత్రిగారి ప్రసంగం విని కొత్త షెడ్డు వేస్తుందా? ఏళ్ల తరబడి కొంటామని సంతకం పడిన ఆర్డరు చూపించమంటుంది. నన్నడిగితే అందులో తప్పేమీ లేదు.

ఆర్డర్లన్నీ ఒక్కసారిగా మీద పడితే ఏమవుతుందో కూడా చూశాం. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కటి రెండు వేల యూరోల నుంచి ఎనిమిది వేలకు ఎగబాకిందని నాటో సైనిక కమిటీ అధ్యక్షుడు అడ్మిరల్ రాబ్ బావర్ 2023లో చెప్పారు. బడ్జెట్ పెరిగినంత మాత్రాన గుండ్లు పెరగవు.

పైగా ఐరోపాలో ఆ ఒక్క కొనుగోలుదారు ఒక్కడు కాదు, దేశానికొకడు. అమెరికాది ఒకే రకం యుద్ధ ట్యాంకు, ఐరోపావి పదిహేడు రకాలని తరచూ లెక్క చెబుతుంటారు. మరి కలిసి చేసుకోవచ్చు కదా? యూరోఫైటర్ విమానాన్ని నాలుగు దేశాలు కలిసే చేశాయి. కానీ ఎవరి వాటా ఉద్యోగాలు వారికి దక్కాలి గనక బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలో వేర్వేరుగా నాలుగు చోట్ల బిగించారు. దీనికి అర్థశాస్త్రజ్ఞుల దగ్గర ఒక మోటు సూత్రం ఉంది: ఎన్ని దేశాలు కలిస్తే, ఆ సంఖ్య వర్గమూలమన్ని రెట్లు అభివృద్ధి ఖర్చు పెరుగుతుంది. నలుగురు కలిస్తే ఖర్చు రెట్టింపు. అయినా నలుగురూ పంచుకుంటే తలా సగమే పడుతుంది. గొడవ పడుతూ కలిసి చేసినా లాభమే అన్నమాట!

ఇక జర్మనీ తూర్పు అంచున, పోలండ్ సరిహద్దులో గెర్లిట్స్ అనే ఊరుంది. అక్కడి కర్మాగారంలో 1849 నుంచి రైలు పెట్టెలు చేస్తూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో దాన్ని రైళ్లు చేసే ఆల్‌స్టామ్ కంపెనీ నుంచి ట్యాంకులు చేసే కేఎన్‌డీఎస్ తీసుకుంటున్నట్టు ఒప్పందం కుదిరింది. ఇక ఆ షెడ్లలో లెపర్డ్, ప్యూమా వాహనాల భాగాలు తయారవుతాయి. 1990లలో ఈ శాస్త్రం వాళ్లు తలలు పట్టుకున్నది సరిగ్గా దీనికి తిరగేసిన ప్రశ్నతో: ట్యాంకులు చేసే చేతులకు మరో పని ఎలా చూపించాలి అని.